బ్లెండర్‌లో ‘జీ’ ఒక్కటే కొట్టి లాగుతున్నారా? కొంప మునిగేది అక్కడే!

నమస్తే ఫ్రెండ్స్. ఈరోజు సూటిగా విషయంలోకి వెళ్లిపోతున్నా, ఎందుకంటే నాకు నిజంగా ఒళ్లు మండుతోంది. త్రీడీ నేర్చుకుందామని ఉత్సాహంగా దిగి, వారం తిరక్కుండానే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేవాళ్లు ఎక్కడ ఓడిపోతున్నారో తెలుసా? మోడలింగ్ దాకా వాళ్లు వెళ్లనే లేదు. ఒక వస్తువుని జరపడం, తిప్పడం, ఈ రెండింటి దగ్గరే ఆగిపోతున్నారు. తప్పు వాళ్లది కాదు. నేర్పేవాళ్లది!

గిజ్మోనా, షార్ట్‌కట్టా అని నడుస్తున్న గొడవ మీకు తెలిసిందే. గిజ్మో అంటే వస్తువు మీద కనిపించే ఎర్ర, ఆకుపచ్చ, నీలం బాణాలు, వాటిని పట్టుకుని లాగండి, కొత్తవాళ్లకి అదే సుళువు అని ఒక వర్గం. ఆ బాణాలు ఆపేసి, జరపడానికి జీ, తిప్పడానికి ఆర్, సైజుకి ఎస్ నేర్చుకోండి అని ఇంకో వర్గం. ఇద్దరూ గొంతు చించుకుంటున్నారు, అసలు దొంగని ఇద్దరూ వదిలేశారు. నా మాట ఒక్కటే: యాక్సిస్, అంటే ఏ దిక్కో చెప్పకుండా దేన్నీ కదపొద్దు. ఎక్స్, వై, జెడ్, వీటిలో ఒకటి చెప్పండి. చెప్పకుండా జీ కొట్టి మౌస్ లాగితే మీ సీన్ పాడైనట్టే.

ఎందుకో చూపిస్తా. స్క్రీన్ మీద ఒక టేబుల్, ఒక కుర్చీ ఉన్నాయి. వ్యూ కాస్త ఏటవాలుగా ఉంది. కుర్చీని సెలెక్ట్ చేసి జీ కొట్టా, మౌస్ జరిపా, టేబుల్ పక్కన నేల మీద ముద్దుగా కూర్చుంది. క్లిక్. బాగుంది కదా? ఇప్పుడు మౌస్ మధ్య బటన్ నొక్కి వ్యూ తిప్పుతున్నా, చూడండి. కుర్చీ గాల్లో వేలాడుతోంది! టేబుల్‌కి, దానికి మధ్య ఇంకో టేబుల్ పట్టేంత ఖాళీ. బ్లెండర్ మోసం చేయలేదు. మౌస్ కదిలేది బల్ల మీద, అంటే రెండు దిక్కులు. సీన్‌లో ఉన్నవి మూడు. ఆ మూడోది ఎటో మీరు చెప్పలేదు కాబట్టి, స్క్రీన్‌కి సమాంతరంగా ఉన్న తలం మీద అది వస్తువుని జరుపుకుంటూ పోయింది. దాని పని అది చేసింది.

అదే జీ, వై, 2, ఎంటర్ అని కొట్టండి. వై మీద సరిగ్గా 2 మీటర్లు. వ్యూ ఎటు తిప్పినా అది అక్కడే ఉంటుంది.

తిప్పడం ఇంకా ఘోరం. ఏటవాలు వ్యూలో ఉత్త ఆర్ కొట్టి లాగారా, మీరు ఎటు నుంచి చూస్తున్నారో ఆ చూపు చుట్టూ వస్తువు తిరుగుతుంది. ఎన్ నొక్కి పక్కన వచ్చే ప్యానెల్‌లో రొటేషన్ చూడండి. ఎక్స్, వై, జెడ్, మూడు చోట్లా దశాంశాలతో వికారమైన అంకెలు! మీరు కుర్చీని కాస్త పక్కకి తిప్పాలనుకున్నారు, అది మూడు వైపులకీ ఒరిగింది. ఇక దాన్ని నిలబెట్టడానికి కుస్తీ. కుస్తీ వద్దు, ఆల్ట్ ఆర్ కొట్టండి, రొటేషన్ మొత్తం సున్నాకి వస్తుంది. చోటు తప్పితే ఆల్ట్ జీ. తర్వాత ఆర్, జెడ్, 90, ఎంటర్. ఈ ఆల్ట్ ఆర్ మొదటి పాఠంలోనే చెప్తే ఎంతమంది నిలబడేవారు!

2019 జులైలో బ్లెండర్ 2.80 వెర్షన్ వచ్చినప్పుడు కూడా ఇలాంటి రచ్చే జరిగింది. అప్పటిదాకా బ్లెండర్‌లో సెలెక్ట్ చేయాలంటే రైట్ క్లిక్. దాన్ని లెఫ్ట్ క్లిక్‌కి మార్చేసరికి పాతవాళ్లు భూమ్యాకాశాలు ఏకం చేశారు. నన్నడిగితే మార్చి మంచిపనే చేశారు. మాయా అనే ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో డబ్ల్యూ, ఈ, ఆర్ కీలకి అలవాటుపడ్డవాళ్ల కోసం ఇండస్ట్రీ కంపాటిబుల్ అని వేరే కీమ్యాప్, అంటే వేరే షార్ట్‌కట్ల సెట్, కూడా పెట్టారు, అదీ మంచిదే. కానీ ఏ బటన్ నొక్కాలన్న దాని మీద ఇంత యుద్ధం చేసినవాళ్లు, వస్తువు ఏ దిక్కుకి పోతుందో చెప్పడానికి ఒక్క నిమిషం కేటాయించరా?

ఇక నా థియరీ. ఒప్పుకోనివాళ్లు కామెంట్లో తిట్టుకోండి, నేను మాత్రం వెనక్కి తగ్గను. బ్లెండర్ నేర్పాల్సింది ఇంజినీరింగ్ డ్రాయింగ్ నేర్పినట్టు! బీటెక్ ఫస్టియర్‌లో మినీ డ్రాఫ్టర్ బిగించుకుని గీశారు కదా. హెచ్‌పీకి (అడ్డ తలానికి) 30 మిల్లీమీటర్లు పైన, వీపీకి (నిలువు తలానికి) 40 మిల్లీమీటర్లు ముందు ఒక బిందువు ఉంది, ప్రొజెక్షన్లు గీయండి అని లెక్క. ఒక్క వ్యూ చూసి ఆ బిందువు ఎక్కడుందో ఎవరైనా చెప్పగలరా? ఫ్రంట్ వ్యూ ఎత్తు చెప్తుంది, టాప్ వ్యూ ముందూ వెనకా చెప్తుంది. రెండూ కావాలి. బ్లెండర్‌లో నమ్‌ప్యాడ్ 1 ఫ్రంట్, 3 రైట్, 7 టాప్. ల్యాప్‌టాప్‌లో నమ్‌ప్యాడ్ లేదా? ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్‌కి వెళ్లి ఎమ్యులేట్ నమ్‌ప్యాడ్ టిక్ పెట్టండి. ఆ సబ్జెక్ట్ కష్టపడి పాసైన మన పిల్లలకి త్రీడీ సగం వచ్చేసినట్టే. ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పట్లేదు, అదీ నా బాధ!

ఆగండి, తలుపు సంగతి చెప్పకుండా వదలను. తలుపు తెరవాలి. ఆర్, జెడ్, 90 కొట్టారు, యాక్సిస్ చెప్పారు, అంకె చెప్పారు, అంతా సరిగ్గానే చేశారు. అయినా తలుపు నడిమధ్యలో తిరిగి, సగం లోపలికి, సగం బయటికి పోయింది. ఎందుకు? తలుపు మధ్యలో చిన్న నారింజ చుక్క కనిపిస్తోందా? అదే ఆరిజిన్. మామూలుగా ఒక్క వస్తువుని తిప్పితే ఆ ఆరిజిన్ చుట్టూనే తిరుగుతుంది. వస్తువు అంచుల్ని విడిగా పట్టుకోనిచ్చే ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి బందులు ఉండాల్సిన అంచు సెలెక్ట్ చేయండి. షిఫ్ట్ ఎస్, కర్సర్ టు సెలెక్టెడ్. త్రీడీ కర్సర్ అనే గుర్తు ఆ అంచు దగ్గరికి వస్తుంది. వస్తువుని మొత్తంగా కదిపే ఆబ్జెక్ట్ మోడ్‌కి వచ్చి సెట్ ఆరిజిన్‌లో ఆరిజిన్ టు త్రీడీ కర్సర్. ఇప్పుడు అదే ఆర్, జెడ్, 90. చూశారా, అసలైన తలుపులా తెరుచుకుంది!

ఇంకొకటి. టేబుల్‌నీ, దాని సొరుగునీ కలిపి 30 డిగ్రీలు తిప్పి పెట్టారు. సొరుగు బయటికి లాగాలి. జీ, వై కొడితే సొరుగు టేబుల్ పక్క చెక్కలోంచి దూసుకుపోతుంది, ఎందుకంటే అది ప్రపంచపు వై, అంటే సీన్ మొత్తానిది. వై రెండోసారి కొట్టండి. జీ, వై, వై. ఇది సొరుగు సొంత వై, నేరుగా ముందుకి వస్తుంది. అయితే తిప్పడం ఆబ్జెక్ట్ మోడ్‌లోనే జరిగి ఉండాలి. ఎడిట్ మోడ్‌లో తిప్పితే ఆ 30 డిగ్రీలు ఎన్ ప్యానెల్‌కి తెలియనే తెలియదు.

గిజ్మో వాళ్లు నా మీదకి రాకండి. ఎర్ర బాణం పట్టుకుని లాగితే అదీ ఎక్స్ చెప్పినట్టే, నాకేం అభ్యంతరం లేదు. కానీ రొటేట్ గిజ్మోలో బయటి తెల్ల వలయం మాత్రం ముట్టుకోవద్దు, అది మళ్లీ మీ చూపు చుట్టూ తిప్పేదే. రంగు వలయం పట్టుకుని కంట్రోల్ నొక్కి ఉంచితే 5 డిగ్రీల చొప్పున లెక్కగా తిరుగుతుంది.

ఇప్పుడు మీ పని. సీన్ మధ్యలో టేబుల్ పెట్టండి, చుట్టూ నాలుగు కుర్చీలు వేయండి. ఒక కుర్చీ చేసి, త్రీడీ కర్సర్ టేబుల్ మధ్యలోనే ఉందో లేదో చూసుకుని, పివట్ పాయింట్‌ని, అంటే దేని చుట్టూ తిరగాలో ఆ చోటుని, త్రీడీ కర్సర్‌కి మార్చండి. షిఫ్ట్ డి (కాపీ), ఎంటర్, ఆర్, జెడ్, 90, ఎంటర్. ఇంకో రెండుసార్లు అంతే. చేతితో లాగడం నిషేధం. అయ్యాక ఒక్కో కుర్చీ ఎన్ ప్యానెల్‌లో రొటేషన్ అంకెలు కామెంట్లో రాయండి. ఎక్స్, వై దగ్గర సున్నా కాకుండా ఏదైనా కనిపించిందో, ఏ కీ కొట్టారో నేనే వచ్చి అడుగుతా.