డై వేయని స్లైడ్ కూడా వెలుగుతోంది మేడం!

యాంకర్: తర్వాతి కాల్ అనంతపురం నుంచి. చెప్పమ్మా.

కాలర్: నమస్తే మేడం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. క్యాన్సర్ కణాలకు ఎఫ్‌ఐటీసీ అనే ఆకుపచ్చగా వెలిగే డై తగిలించిన యాంటీబాడీ వేసి మైక్రోస్కోప్‌లో చూస్తున్నాను. ఫొటోలు ఆకుపచ్చగా భలే వచ్చాయి, గైడ్ సార్ కూడా మెచ్చుకున్నారు. మొన్న పొరపాటున ఏ డై వేయని స్లైడ్ పెట్టాను మేడం, అదీ అట్లే వెలిగింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్, నిద్ర పట్టడం లేదు.

డాక్టర్: ఆ స్లైడ్ పొరపాటున కాదమ్మా, మొదటిరోజే పెట్టాల్సింది. కణాల్లో ఫ్లేవిన్లు అనే సహజ పదార్థాలు ఉంటాయి, నీలి కాంతి తగిలితే ఏ డై లేకుండానే ఆకుపచ్చగా వెలుగుతాయి. దాన్నే ఆటోఫ్లోరోసెన్స్ అంటారు. కణాలు చెడకుండా ఉన్నవి ఉన్నట్టు నిలిచేలా ఏ రసాయనంతో ఫిక్స్ చేశావు?

కాలర్: గ్లూటరాల్డిహైడ్‌తో.

డాక్టర్: అదీ సంగతి. అది ప్రోటీన్లతో కలిసి ఆ వెలుగును ఇంకా పెంచుతుంది. పారాఫార్మాల్డిహైడ్‌తో చేసి చూడు, బాగా తగ్గుతుంది. ఇంకోటి, కెమెరా ఎక్స్‌పోజర్ ఆటోలో ఉందా?

కాలర్: ఆటోలోనే మేడం.

డాక్టర్: అయితే మసక స్లైడ్‌ను కూడా కెమెరానే ఎక్కువసేపు చూసి వెలిగించి చూపిస్తుంది, రెండూ ఒకటే అనిపిస్తాయి! ఆటో తీసేయ్. డై వేసిన స్లైడ్‌కు ఎక్స్‌పోజర్, గెయిన్ (కెమెరా వెలుగును పెంచి చూపే సెట్టింగ్) ఎంత పెట్టావో రాసుకుని, డై లేని స్లైడ్‌ను కూడా అదే రోజు, అవే అంకెలతో తియ్యి. అప్పుడు మిగిలే తేడానే నీ రిజల్ట్. స్లైడ్లకు ఫాయిల్ చుట్టిపెట్టు, లైటు కింద వదిలేస్తే డై వెలిసిపోతుంది. వీలుంటే ఎరుపు డైకి మారు, అటువైపు కణాల సొంత వెలుగు తక్కువ.

వినేవాళ్ళు కూడా ఒకటి చేసి చూడండి. గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చి మీద వేలు పెట్టండి, వేలంతా ఎర్రగా కనిపిస్తుంది. నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది, ఎరుపు మాత్రం బయటికి వస్తుంది. ఎరుపు దాటి ఇంకా అటు వెళ్తే, కంటికి కనపడని, 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి కాంతి ఒంట్లోకి మరింత లోతుకు పోతుంది. అమెరికాలో 1959లోనే అనుమతి వచ్చిన ఇండోసయనిన్ గ్రీన్ అనే డై అక్కడే వెలుగుతుంది కాబట్టి, ఆపరేషన్‌లో రక్తం ఎక్కడిదాకా అందుతోందో దాంతో చూస్తారు.

కాలర్: మేడం, సార్‌కు ఈ విషయం చెప్పాలా? ఎల్లుండి రిపోర్టు ఇవ్వాలి.

డాక్టర్: చెప్పాలమ్మా, రేపు పొద్దున్నే. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించు, ఇంకో వారం గడువు అడుగు. నీకు ఆ అనుమానం రావడమే నాకు చాలా సంతోషంగా ఉంది.

యాంకర్: కర్నూలు నుంచి ఇంకో కాల్.

కాలర్: మేడం, మా జేజికి షుగర్. పొద్దున కంటి ఆస్పత్రిలో చేతికి ఏదో రంగు ఇంజెక్షన్ వేసి కంట్లో ఫొటోలు తీసినారు. ఇప్పుడు ఒళ్ళు పచ్చగా ఉంది, మూత్రం కూడా అట్లే వస్తోంది. పక్కింటోళ్ళు కామెర్లు అంటున్నారు, పసరు తాగించమంటున్నారు.

డాక్టర్: పసరు వద్దు నాయనా! అది ఫ్లోరెసిన్ డై. కంటి వెనక రక్తనాళాలు ఎక్కడ కారుతున్నాయో చూడటానికి వేస్తారు. ఒంటి రంగు కొన్ని గంటల్లో పోతుంది, మూత్రం ఒకటి రెండు రోజుల్లో మామూలవుతుంది. కిడ్నీ సమస్య ఉందా?

కాలర్: లేదు మేడం.

డాక్టర్: అయితే నీళ్ళు బాగా తాగించు. దద్దుర్లు లేచినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపో.