కిలోమీటరు అంటే ఎంత?

సభలోని పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, ముఖ్యంగా ఒకపూట పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. 'పాఠశాల విద్య: సవాళ్లు, సంస్కరణలు' అని కరపత్రంలో వేశారు. అంత పెద్ద మాటలు నాకు చేతకావండి. కోనసీమ లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్య దిబ్బల మీది ఊళ్లలో, సెకండరీ గ్రేడ్ టీచరుగా, అంటే చిన్న తరగతుల మాస్టారుగా, పనిచేసి రిటైరయినవాణ్ణి. నాకు తెలిసిన ఒక పిల్ల చదువు గురించి చెబుతాను.

ఆ పిల్ల 2019 జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. పలక మీద అక్షరాలు దిద్దుతుండగానే నవంబరులో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది. మార్చిలో కరోనా వచ్చి బడి మూశారు. ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అయినా తర్వాత చేతికొచ్చినవి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు. రెండో తరగతి చాలావరకు ఇంట్లోనే గడిచిపోయింది. నాలుగులోకి వచ్చేసరికి 2022లో 117 నంబరు జీవో ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు. 2025లో ఆ జీవో రద్దయింది. బళ్లను తొమ్మిది రకాలుగా మళ్లీ విడదీశారు. అప్పటికి మా పిల్ల ఏడులోకి వచ్చేసింది. సార్వాకి నారు పోసి, నాట్లు వేసేలోగా చేనే మార్చేస్తే ఏ రైతయినా ఊరుకుంటాడా? ఇక్కడ మాత్రం అందరం ఊరుకున్నాం. నేనూ ఊరుకున్నాను.

ఆ విలీనం వెనక ఆలోచనే లేదని అనను. ఒక్క టీచరు ఐదు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెప్పడం ఎలా ఉంటుందో చేసినవాడికి తెలుసు. ఒకటో తరగతికి 'అల' రాయించేలోపు ఐదో తరగతివాడు కిటికీ దూకేస్తాడు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో పిల్లలు అరవై మంది వరకు ఉంటే ఇద్దరు టీచర్లు అని స్పష్టంగా ఉంది. ఇద్దర్ని ఇవ్వలేక పిల్లల్ని మోసుకుపోయారు. అదీ అసలు సంగతి.

మోసుకుపోయింది ఎంత దూరం? కిలోమీటరు లోపే అని ఫైల్లో రాసుకున్నారు. మ్యాపు మీద నిజమే. కానీ వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల మధ్య ఉన్నవాళ్లం. మనకి కిలోమీటరంటే ఎంతండీ? ఎండాకాలంలో ఇసక మీద పావుగంట నడక. వరదొస్తే పడవ కోసం గంట. ఆ ఏడాది బళ్లు జూలైలో తెరిచారు. నెల తిరక్కుండానే ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారని ఇక్కడ ఎనిమిదేళ్ల పిల్లాడికీ తెలుసు. ఆ పిల్లాణ్ణి ఏరు దాటి మూడో తరగతికి పొమ్మన్నాం.

చట్టం దీన్ని మరిచిపోలేదు. కేంద్రం 2010లో రాసిన మాదిరి నిబంధనల్లో ప్రాథమిక బడి కిలోమీటరులో, ఆ పై బడి మూడు కిలోమీటర్లలో ఉండాలంటూనే, వరదలు, రోడ్లు లేకపోవడం లాంటి ప్రమాదాలున్న చోట ఆ దూరాల్ని తగ్గించి బడి పెట్టాలన్నారు. ఆ వాక్యం చదివిన అధికారి నా సర్వీసులో నాకు ఒక్కరే తగిలారు. పాపం, ఆయన్ని ఏడాదిలోనే బదిలీ చేశారు.

ఇక చదువు సంగతి. ఒక కుర్రాడు ఉండేవాడు, ఐదో తరగతి. వాళ్ల నాన్న కొబ్బరికాయలు వలిచే కూలి. సెలవు రోజున రాశి దగ్గర కూర్చుని కాయలు లెక్కపెట్టేది వీడే. "మాస్టారండీ, నాలుగొందల రెండు కాయలండి, నూట డెబ్భై ఎనిమిది వలిచేశారండి, ఇంకా రెండొందల ఇరవై నాలుగున్నాయండి" అని నోటితో టకటకా చెప్పాడు. మర్నాడు అదే లెక్క బోర్డు మీద రాసి చెయ్యమన్నాను. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీసేసి ఆరు వేశాడు. సున్నా దగ్గర ఆగిపోయాడు. ఇంగ్లీషు పాఠం మాత్రం గడగడా చదివేవాడు. "హార్వెస్ట్ అంటే ఏంట్రా?" అంటే నవ్వాడు. కోతలప్పుడు బడి ఎగ్గొట్టి చేలో తిరిగేవాడికి కోతంటే తెలియకేంటి? ఆ మాటకీ వాడి చేనుకీ మధ్య వంతెన వెయ్యలేకపోయాం, అంతే. నాకు ఇంగ్లీషు మీద కోపం లేదు. కూలివాడి పిల్లాడికి అది అక్కర్లేదనడం మోసం. కాకపోతే ముందు వాడి మాటలో చదవడం, లెక్క చెయ్యడం స్థిరపడాలి. మూడో తరగతికల్లా ఇవి రావాలని 2020 జాతీయ విద్యా విధానమూ, 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమమూ చెబుతున్నాయి. మంచిదే. నా సర్వీసులో చెప్పడానికి టీచరుకి టైమేది? పొద్దున్నే హాజరు ఫోటో, తర్వాత మరుగుదొడ్డి ఫోటో, గుడ్ల లెక్క. లంకలో సిగ్నల్ దొరక్క చెరువు గట్టు మీద ఫోన్ పైకెత్తి నిలబడ్డ రోజులు నావి. లోపల పిల్లలు యుద్ధం చేసుకుంటున్నారు.

అన్నట్టు, అన్నదాత డొక్కా సీతమ్మ గారిది మన లంకల గన్నవరమే. మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆవిడ పేరు పెట్టారు. బడికి రావడానికి ఆ అన్నం ఒక్కటే కారణమైన పిల్లల్ని నేను చూశాను. ఆ పథకం జోలికి ఎవరూ వెళ్లవద్దు.

ప్రైవేటు బళ్ల పసుపు బస్సుల గురించి అడుగుతారని తెలుసు. నా కూతుర్ని నేనూ ఆ బస్సే ఎక్కించాను. నా బడిలో ఇద్దరు టీచర్లు ఉండుంటే ఎక్కించేవాణ్ణి కాదేమో. ఏమో, ఎక్కించేవాణ్ణేమో కూడా. ఆ సిగ్గుతోనే మాట్లాడుతున్నాను కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను.

నేను అడిగేవి కొద్దే. లంక బళ్లను పిల్లల సంఖ్యతో కాకుండా ఏటి దారి చూసి లెక్కగట్టాలి. పిల్లలు ఎంత తక్కువున్నా ఇద్దరు టీచర్లుండాలి. వరద సెలవులు ముందే ఊహించి ఈ మండలాలకి వేరే క్యాలెండర్ వెయ్యాలి. పోయిన పనిదినాల్ని రెండో శనివారాలు పెట్టి పూర్తిచేశామని కాగితం మీద చూపించడం ఆపాలి. ఇప్పుడున్న పద్ధతిని, మంచో చెడో, ఐదేళ్లు కదపకుండా ఉంచాలి.

బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం. మీలో చాలామంది ఆ రిజిస్టరులో సంతకం పెట్టే ఉంటారు, ఏం రాశారో చూడకుండా. ఈసారి మీటింగులో ఆ వరద నిబంధనను తీర్మానంగా రాయించండి. కాగితం నేను తెలుగులో రాసి తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. అవతలి లంకవాళ్లు ముందు తీసుకోండి, పడవ వెళ్లిపోతుంది.