ఊరికే ఇచ్చిన మ్యూజిక్ యాప్, పంటు మీద వీణ

నమస్తే అండి. ముందే చెప్పేస్తాను, ఈ యాప్ వాళ్ళు మూడు నెలల సబ్‌స్క్రిప్షన్ ఊరికే ఇచ్చారు. డబ్బులైతే ఇవ్వలేదు. పేరూ రేటూ కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. మిగతా ఫీచర్లు ఈపాటికి వేరే వీడియోల్లో చూసేసుంటారు. నేను ఒక్క మీట గురించే మాట్లాడతాను.

సెట్టింగ్స్‌లో 'సర్‌ప్రైజ్' అని ఓ గీత ఉందండి, వేలితో అటూ ఇటూ జరపొచ్చు. ఎడమ చివరికి లాగితే నిన్న విన్నవే ఇవాళానూ. కుడి చివరికి లాగితే ఓ కొరియా పాట, దాని వెనకే చంటిపిల్లల రైమ్స్. ఆశ్చర్యమే, కాదనను. ఎవరిక్కావాలండీ?

మా అమలాపురంలో క్యాసెట్లు రికార్డు చేసే షాపాయన ఒకాయన ఉండేవాడు. మనం చీటీ రాసిస్తే 60 నిమిషాల క్యాసెట్లో ఎక్కించేవాడు. చివర్లో మూడు నాలుగు నిమిషాలు మిగిలితే ఖాళీ వదిలేవాడు కాదు, తనకి నచ్చిందేదో వేసేవాడు. ఏదిపడితే అది కాదు, మన చీటీ చూసి మరీ వేసేవాడు. నేను టేపు అరిగిపోయేదాకా విన్నవి ఆ చివరి పాటలే.

2015లో స్పాటిఫై సోమవారం సోమవారం 30 పాటల లిస్టు మొదలెట్టింది కదా, అందులోనూ ఉన్నది ఈ చీటీ లెక్కే. మనలాంటి చీటీ రాసినవాళ్ళు ఇంకేం విన్నారో చూసి, మనం విననివి తెచ్చిపెడుతుంది.

సరే, మీట నడిమధ్యకి పెట్టి కాకినాడ నుంచి బండి మీద వస్తున్నా. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు (బళ్ళనీ మనుషుల్నీ ఎక్కించుకునే పడవ) ఎక్కాను. మాస్ బీట్ అయిపోగానే చిట్టిబాబు గారి వీణ! జన్మలో వీణ కోసం వెతికిన పాపాన పోలేదు నేను. ముక్తేశ్వరం ఒడ్డు వచ్చేసినా ఇయర్‌ఫోన్స్ తీయలేదు. ఇంటికొచ్చి చూద్దును కదా, ఆయన పుట్టింది కాకినాడే. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి గారిది ద్రాక్షారామం. పంటు ఎక్కేముందు నేను టీ తాగిన ఊరండీ అది! యాప్‌కి ఇవేమీ తెలియవు, ఎవడో నాలాంటివాడు విని ఉంటాడంతే. అయినా ఆ పూట దాన్ని నెత్తిన పెట్టుకోవాలనిపించింది.

మర్నాటి నుంచి మొదలైంది గోల. పొద్దున వీణ, మధ్యాహ్నం వీణ, పడుకోబోతే వీణ. పులసైనా మూడు పూటలా పెడితే ఎవరు తింటారండీ? షాపాయన ప్రతి క్యాసెట్ చివరా ఒకటే పాట వేసుంటే, రెండోసారి ఆ షాపుకే వెళ్ళేవాణ్ణి కాదు.

కొనాలా అంటే, ఫ్రీగా వస్తే వాడండి. నేను మాత్రం డబ్బులు కట్టను. నిన్న రాత్రి చిట్టిబాబు గారి పాటకి 'నచ్చలేదు' బటన్ నొక్కానండి. నచ్చక కాదు, యాప్ ఇంకోటేదైనా వెతుకుతుందేమోనని.