మన మురుగు కొల్లేటికే పోతుంది

సభాధ్యక్షులకూ, వేదిక మీది పెద్దలకూ, కోతల పనులు ఆపుకుని వచ్చిన రైతు సోదరులకూ, అక్కచెల్లెళ్లకూ నమస్కారం. డిసెంబరు 5 మృత్తికా దినోత్సవం కదా, సేంద్రియ సాగుతో పర్యావరణానికి ఏం లాభమో చెప్పమన్నారు. నేల గురించి చెప్పాలనే బయలుదేరాను. దారిలో మురుగు కాలువ వంతెన దాటాక నీళ్ల సంగతి చెప్పకుండా ఉండలేననిపించింది.

నా చిన్నప్పుడు కోతల ముందు చేలో నీళ్లు తీస్తూ గండి దగ్గర చేపలు పట్టే వెదురు మావు పెట్టేవాళ్లం. తెల్లారేసరికి కొర్రమీనులు, మట్టగిడసలు, ఇంగిలాయిలు! తర్వాత కార్బోఫ్యూరాన్ అనే పురుగుమందు గుళికలొచ్చాయి. కాండం తొలిచే పురుగుకని చల్లిన మర్నాడు చిన్న చేపలు పొట్టలు పైకి తేలి గట్టు వారన చేరేవి. వాటిని తిన్న కొంగ గట్టు మీదే పడి రెక్కలు కొట్టుకోవడం నా కళ్లతో చూశాను. కార్బోఫ్యూరాన్‌కు పురుగు, చేప, పిట్ట అన్న తేడా లేదండీ. అమ్మా, మీలో ఎవరైనా ఈమధ్య మీ బోదెలో ఇంగిలాయిని చూశారా? చెప్పండి.

వరి రసం పీల్చే దోమ చేసే దోమపోటుకీ అంతే. మందు కొడితే దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చస్తాయి. దోమ మళ్లీ విరుచుకుపడుతుంది. మందుల కొట్టువాడు ఇంకో డబ్బా చేతిలో పెడతాడు. నాట్లలో రెండు మీటర్లకొకటి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ ఆడి దోమ తగ్గుతుంది. ఆ మాట ఏ కొట్టులోనూ చెప్పరు.

యూరియా సంగతి. చల్లినదాంట్లో సగం కూడా వరికి అందదు. కొంత నైట్రస్ ఆక్సైడై గాలిలో కలుస్తుంది. వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువుకు సుమారు 270 రెట్లు. ఇంకొంత మురుగులో పడి కొల్లేటికి చేరుతుంది. ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా రామ్‌సర్‌లోకి 2002లో ఎక్కిన సరస్సది. అక్కడ గుర్రపుడెక్క బలిసేది మన ఎరువు తినే. చేపల చెరువుల మురుగూ, ఫ్యాక్టరీల మురుగూ ఉన్నాయి, కాదనను. నేను మన వాటా గురించే అడుగుతున్నాను.

ఒక్కరు మానితే చాలదు. పై చేను విషం కింది చేలోకి దిగుతుంది. జనగామ జిల్లా ఏనబావి 2006 నాటికే ఊరు ఊరంతా రసాయనాలు మానేసింది. మనం ఊరంతా కాకపోతే ఒక తూము కింది వాళ్లమైనా కలవలేమా? దాళ్వా, అంటే రెండో పంట, నారుమళ్లు పోసేలోపు కూర్చుందాం. పశువులున్నవాళ్లు ఎరువుకు పేడ ఇవ్వండి, లేనివాళ్లు పురుగు మందుకు బదులు వేపగింజలు దంచండి. ఏ తూము వాళ్లు ముందుకొస్తారో ఇక్కడే, ఇప్పుడే చేతులెత్తండి. పేర్లు రాసుకునే నేను దిగుతాను.