నేరేడు గింజల సారం, మందులకు లొంగని బ్యాక్టీరియా – ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. మందులకు లొంగని బ్యాక్టీరియా మీద గింజల సారాలు పనిచేస్తాయో లేదో ల్యాబులో ఎలా తేలుస్తారన్నది ఈ రోజు విషయం. స్టూడియోలో మైక్రోబయాలజీ ప్రొఫెసర్ మేడమ్ ఉన్నారు. మొదటి కాల్ గుంటూరు నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. నేరేడు గింజల పొడిని మెథనాల్‌లో నానబెట్టి సారం తీశాను. ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్ మందుకు లొంగని స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా, పెంచిన ప్లేటు మీద 18 మిల్లీమీటర్ల జోన్, అంటే బ్యాక్టీరియా పెరగని వలయం, వచ్చింది. పక్కనున్న యాంటీబయాటిక్ డిస్కుకు, అంటే మందు అద్దిన కాగితపు బిళ్లకు, అసలు జోనే లేదు. మా గింజే మేలని రాసుకోవచ్చా?

ప్రొఫెసర్: ఆగు బాబూ. ఏం డిస్కు పెట్టావు?

కాలర్: సెఫాక్సిటిన్, మేడమ్.

ప్రొఫెసర్: ఆ డిస్కుకు లొంగకపోవడాన్ని బట్టే కదా ఎంఆర్‌ఎస్‌ఏని గుర్తుపట్టేది! ఓడిపోతాడని తెలిసినవాణ్ణి బరిలోకి దించి గెలిచానంటే ఎలా? ఎంఆర్‌ఎస్‌ఏ మీద పనిచేసే లినెజోలిడ్ డిస్కు పెట్టు. వాంకోమైసిన్ డిస్కు మాత్రం వద్దు, స్టాఫిలోకాకస్ విషయంలో దాన్ని నమ్మలేం. సరే, ప్లేటులోని అగర్ జెల్లీలో తవ్విన బావిలో సారం ఎంత పోశావు?

కాలర్: మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల ద్రావణం, 100 మైక్రోలీటర్లు.

ప్రొఫెసర్: అంటే 10 మిల్లీగ్రాములు. నీ డిస్కులో మందు 30 మైక్రోగ్రాములు. నీది మూడొందల రెట్లకు పైనే! పైగా జోన్ సైజు అగర్‌లో పదార్థం ఎంత దూరం పాకిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. అందుకే రెండు వేర్వేరు పదార్థాల జోన్లను స్కేలు పెట్టి పోల్చకూడదు. సారాన్ని దేంట్లో కరిగించావు?

కాలర్: డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో.

ప్రొఫెసర్: ఉత్త డీఎంఎస్‌ఓతో ఒక బావి పెట్టావా?

కాలర్: ...లేదు మేడమ్.

ప్రొఫెసర్: పెట్టు. బ్యాక్టీరియాను ఆపింది సారమో ద్రావకమో అప్పుడే తెలుస్తుంది. అది లేని ప్లేటు నేనైతే చూడను కూడా. ఇప్పుడు అసలు పని చెబుతా. 96 గుంటల ప్లేటులో సారాన్ని సగం సగంగా పలచన చేసుకుంటూ పో. మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల బ్యాక్టీరియా ఉండాలి. రాత్రంతా ఇంక్యుబేటర్లో ఉంచాక రెసాజురిన్ అనే నీలి రంగు వెయ్. నీలంగానే ఉంటే పెరుగుదల లేదని, గులాబీకి తిరిగితే ఉందని అర్థం. అయితే నేరేడు గింజ వగరు, టానిన్లు బాగా ఉంటాయి. అవి బ్యాక్టీరియా లేకపోయినా ఆ రంగును మార్చేయగలవు. కాబట్టి సారం, రంగు మాత్రమే ఉన్న గుంటలు కూడా పెట్టు. నీలంగా మిగిలిన వాటి నుంచి ఒక చుక్క తీసి మామూలు అగర్ మీద రాయి. మళ్లీ పెరిగితే అది చావలేదు, ఆగిందంతే. కనీస నిరోధక గాఢత, అంటే పెరుగుదలను ఆపే అతి తక్కువ గాఢత, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు వస్తే ముందుకెళ్లు. 5 మిల్లీగ్రాములు వస్తే ఆ అంకే రాయి, దాచకు.

కాలర్: ఈ.కొలై అనే ఇంకో బ్యాక్టీరియా మీద ఏమీ రాలేదు మేడమ్.

ప్రొఫెసర్: దానికి బయట ఇంకో పొర ఉంటుంది, లోపలికొచ్చినదాన్ని బయటికి తోసే పంపులూ ఉంటాయి. రాకపోవడం కూడా ఫలితమే, థీసిస్‌లో పెట్టు.

యాంకర్: నల్గొండ నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

కాలర్: మేడమ్ గారూ, మా ఆయనకు షుగర్. కాలి పుండు చీము పరీక్షలో మీరిప్పుడు చెప్పిన ఆ ఎంఆర్‌ఎస్‌ఏ పేరే వచ్చింది. నేరేడు గింజల పొడి చల్లితే మానుతుందని పక్కింటివాళ్లు అంటున్నారు...

ప్రొఫెసర్: వద్దమ్మా, చల్లకండి. ఎండలో ఆరబెట్టి దంచిన పొడిలో మట్టి క్రిములు ఉంటాయి, అవి నేరుగా పుండులోకి పోతాయి. ఇందాక ఆ అబ్బాయితో మాట్లాడింది గాజు ప్లేటు సంగతి. అక్కడ రక్తం లేదు, కిడ్నీ లేదు. ఆ రిపోర్టు దగ్గరుందా?

కాలర్: ఉందండి. మందుల పేర్లు, పక్కన ఎస్, ఆర్ అని ఉన్నాయి.

ప్రొఫెసర్: ఎస్ ఉన్నవి పనిచేసేవి, ఆర్ ఉన్నవి పనిచేయనివి. ఇప్పుడు వాడుతున్న మందు ఏ వరుసలో ఉందో రేపు పొద్దున్నే డాక్టరుకు చూపించి అడగండి. ఆయన ఆ పొడి నోటితో ఏమైనా తీసుకుంటున్నారా?

కాలర్: రోజూ ఒక చెంచా, మజ్జిగలో.

ప్రొఫెసర్: అదీ చెప్పండి. షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. పాదం నల్లబడినా, జ్వరం వచ్చినా రేపటిదాకా ఆగొద్దు, ఈ రాత్రికే తీసుకెళ్లండి.