ఫ్రీగా వచ్చిన ట్రెడ్ గేజ్ రివ్యూ, కానీ నా బాధంతా వెనక టైర్ల గురించే

హాయ్ అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ గేజ్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇది చెప్పు అది చెప్పకు అని షరతులు కూడా పెట్టలేదు. డబ్బాలో గేజ్, ఒక బటన్ సెల్, ఎవరూ చదవని ఒక కాగితం ఉన్నాయి. స్పెక్స్ అన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు, మళ్ళీ చదివి వినిపించను. టైర్ ట్రెడ్, అంటే నేలకి ఆనే రబ్బర్, దాని గాడిలోకి ఈ సూది దించితే లోతెంతో స్క్రీన్ మీద పడుతుంది, అంతే దీని పని.

కాకపోతే ఇది వచ్చిన టైమ్ ఉంది చూశారూ, సరిగ్గా నా కారు వెనక టైర్లు రెండూ పీకి గోడకి ఆనించిన వారం. పుండు మీద కారం చల్లినట్టు.

కారు పేరు చెప్పట్లేదు, చెబితే కింద కామెంట్లలో కంపెనీల గొడవ మొదలవుతుంది. స్పోర్టీ లగ్జరీ సెడాన్, ఇంజిన్ పవరంతా వెనక చక్రాలకే. ముందు 245, వెనక 275 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, 19 అంగుళాల చక్రాలు. వెనక నుంచి చూస్తే ఆ టైర్ల వెడల్పుకే సగం ప్రేమ పుడుతుంది. కొన్నప్పుడు నాకూ పుట్టింది, కాదనను.

22 వేల కిలోమీటర్ల దగ్గర బ్రేక్ ప్యాడ్లు చూపిద్దామని ఇచ్చాను. కారు లిఫ్ట్ మీద ఉంది, నేను ఫోన్ చూసుకుంటున్నా. మెకానిక్ పిలిచాడు, "సార్, ఒకసారి కిందికి రండి, ఇది మీరే చూడాలి" అని. వెళ్ళి తల ఎత్తి చూస్తే, వెనక ఎడమ టైర్ లోపలి అంచున రబ్బరే లేదు. ఒక వేలి వెడల్పున చుట్టూ నున్నగా, గుండు కొట్టించినట్టు ఉంది, ఒకచోట ఆ నునుపులోంచి సన్నటి ఉక్కు తీగలు తుప్పు రంగులో బయటికి వచ్చాయి. వేలు పెడితే గుచ్చుకున్నాయి కూడా. కుడి టైర్‌కి తీగలు రాలేదు కానీ రావడానికి రెడీగా ఉంది.

నన్ను బాగా మండించింది ఏంటంటే, బయటి వైపు టైర్ కొత్తదానిలా ఉంది. ప్రతి ఆదివారం కారు కడిగి టైర్లకి పాలిష్ కొట్టేవాడిని నేను. నల్లగా మెరిసిపోతుంటే వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయేవాడిని. ఆ మెరుపుకి అటువైపు తీగలు తేలుతున్నాయి, దాని మీద నేను హైవేలో 120లో వెళ్ళొచ్చాను.

సరే, గేజ్ వచ్చింది కదా అని ఆ పాత టైర్ మీదే మొదట పెట్టాను. బయటి గాడిలో 5.4 మిల్లీమీటర్లు. మధ్యలో 4.8. లోపలి చివరి గాడిలో 2.9. ఇక్కడ ఆగి ఆలోచించండి. చాలా దేశాల్లో టైర్ మార్చి తీరాల్సిన హద్దు 1.6 మిల్లీమీటర్లు, గాడి అడుగున కనిపించే ఆ చిన్న చిన్న గట్లు ఉండే ఎత్తు కూడా అంతే. అంటే ఈ గేజ్ లెక్క ప్రకారం నా టైర్ ఇంకా బతికే ఉంది, అదే టైర్‌లో ఆ గాడికి రెండు వేళ్ళ దూరంలో తీగలు కనిపిస్తున్నాయి!

ఎందుకంటే గేజ్ కొలిచేది గాడిని. చివరి గాడి దాటాక ఉండే భుజం, అంటే సైడ్‌వాల్ వైపు వంగే భాగం, అక్కడ సూది దించడానికి లోతైన గాడి ఉండదు. ఇలాంటి కార్లలో ముందు పోయేది సరిగ్గా అక్కడే. ఇంకో తిరకాసు, గేజ్ పాదం గాడికి రెండు పక్కలా ఉన్న రబ్బర్ మీద ఆనుతుంది. లోపలి పక్క రబ్బర్ ఏటవాలుగా అరిగిపోతే పాదం కూడా ఏటవాలుగా కూర్చుంటుంది, రీడింగ్ తేడా వస్తుంది. నేను ఒకే చోట మూడుసార్లు పెడితే మూడు నంబర్లు వచ్చాయి. ఇందులో కంపెనీని తిట్టడానికేం లేదు, చేత్తో తోసే ఏ గేజ్ అయినా ఇంతే. డబ్బా మీద "టైర్ భద్రత మీ చేతిలో" అని రాశారు చూడండి, అది మాత్రం కొంచెం ఎక్కువ.

అసలు ఎందుకిలా అరిగింది అనేదానికి వస్తే, అందరూ క్యాంబర్ మీదకి తోసేస్తారు. క్యాంబర్ అంటే చక్రం నిలువుగా కాకుండా వాలి ఉండటం, నా కారులో పై భాగం లోపలికి వాలి ఉంటుంది. మలుపులో బయటి వైపు చక్రం పూర్తిగా నేలకి ఆనాలని కావాలనే అలా పెడతారు. ఈ కారు మలుపు తీసుకుంటే ఆ తేడా తెలుస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. నేరుగా వెళ్ళేటప్పుడు మాత్రం బరువు లోపలి అంచు మీదే ఎక్కువ పడుతుంది, మనం రోజూ తిరిగేది చాలావరకు నేరుగానే కదా. డిక్కీలో సామాను వేసి వెనక ముగ్గురు సరిగ్గా కూర్చోలేని సీట్లో ముగ్గుర్ని కుక్కితే కారు కిందికి దిగుతుంది, చక్రాన్ని కొన్ని కడ్డీలతో (ఆర్మ్‌లు) పట్టి ఉంచే మల్టీ లింక్ సస్పెన్షన్‌లో దిగినకొద్దీ చక్రం ఇంకాస్త వాలుతుంది.

క్యాంబర్ ఒక్కటే అయితే మెల్లగా తింటుంది. దానికి టో తోడైతేనే అసలు కథ. టో అంటే పైనుంచి చూస్తే చక్రాలు పావురం నడకలా లోపలికి తిరిగి ఉన్నాయా, బయటికి తిరిగి ఉన్నాయా అని. ఒక చక్రం ఉండాల్సిన దిశకి 0.1 డిగ్రీ పక్కకి ఉందనుకోండి, కంటికి కనిపించదు. లెక్క వేస్తే ఆ టైర్ ప్రతి కిలోమీటర్‌కి సుమారు 1.75 మీటర్లు పక్కకి ఈడ్చుకుంటూ వెళ్తుంది. నా 22 వేల కిలోమీటర్లకి ఎంత? 38 కిలోమీటర్లు. అంటే ఒక టైర్‌ని అడ్డంగా పెట్టి 38 కిలోమీటర్లు రోడ్డు మీద రుద్దినట్టు! ఆ ఈడ్పు కూడా అప్పటికే బరువు మోస్తున్న లోపలి అంచు మీదే పడితే రబ్బర్ ఏం మిగులుతుంది?

దీన్ని కనిపెట్టడానికి గేజ్ అక్కర్లేదు. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా ఒకసారి ఇటు, ఒకసారి అటు రుద్దండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపం పళ్ళలా తగిలితే టో తేడా ఉందనే అనుమానించాలి. నా పాత టైర్ మీద కెమెరా ముందు రుద్దుతాను, సౌండ్ వినండి... గర్ర్ మంటోంది కదా? ఈ సౌండే నడిచేటప్పుడు హూం అని లోపలికి వచ్చేది. నేనేమో బేరింగ్ పోయిందేమో అనుకుని, చూపిద్దాంలే చూపిద్దాంలే అంటూ మూడు నెలలు పాటల వాల్యూమ్ పెంచుకుని తిరిగాను. నవ్వకండి, మీలో సగం మంది ఇంతే.

"మరి అలైన్‌మెంట్ చేయించలేదా" అని అడుగుతారు, అంటే మెషీన్ మీద ఈ టో, క్యాంబర్ కొలిపించి సరిచేయించడం. చేయించాను! షీట్ ఇంకా దాచుకున్నాను, అన్ని గడులూ గ్రీన్. ఇక్కడే నాకు కోపం. గ్రీన్ అంటే కంపెనీ ఇచ్చిన హద్దుల్లో ఉందని మాత్రమే. హద్దులో ఈ చివర ఉన్నా గ్రీనే, ఆ చివర ఉన్నా గ్రీనే. నా షీట్‌లో వెనక ఎడమ టో ఒక చివర, వెనక కుడి టో మధ్యలో, క్యాంబర్ రెండు వైపులా ఎక్కువ వాలు ఉన్న చివర. షీట్ చేతికిచ్చి "ఓకే సార్, పర్ఫెక్ట్" అన్నారు, నేనూ టిప్ ఇచ్చి వచ్చాను. పైగా ఆ కొలతంతా కారు నిలబడి ఉన్నప్పటిది. వెనక ఆర్మ్‌ల బుష్‌లు, అంటే కీళ్ళలో ఉండే రబ్బర్ ముక్కలు, మెత్తబడి ఉంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, బ్రేక్ వేసినప్పుడు చక్రం దిశ మారిపోతుంది, మెషీన్‌కి అది కనిపించదు.

నా పాత కారు గుర్తొస్తోంది. చిన్న హ్యాచ్‌బ్యాక్, నాలుగు టైర్లూ ఒకే సైజు. 10 వేలకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించేవాడిని, ఒకే సెట్‌తో 55 వేలు తిరిగింది. ఈ కారులో ముందు సైజు వేరు, వెనక సైజు వేరు, మార్చడానికి లేదు. నా టైర్లకి తిరిగే దిశ బాణం గుర్తు కూడా ఉంది, రిమ్ నుంచి ఊడదీయకుండా ఎడమది కుడికి కూడా వేయలేను. ఏ అంచు అరుగుతోందో అదే అంచు చచ్చేదాకా అరగాల్సిందే.

గాలి సంగతి ఒక్క ముక్కలో: తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే మధ్యలో అరుగుతుంది. లోపలి అంచు ఒక్కటే పోతే గాలి మీద నెట్టకండి. సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ అని, టైర్ ఎంతకాలం మన్నుతుందో చెప్పడానికి ఉండే నంబర్ కూడా టైర్ కంపెనీలే వేసుకునేది, ఈ అలైన్‌మెంట్‌తో 300 అయినా 500 అయినా ఒకటే.

గేజ్ కొనాలా? కొనండి, నాకు నచ్చింది. స్క్రీన్ పెద్దది, సున్నా బటన్ ఈజీగా ఉంది, జేబులో పడుతుంది. కానీ దాంతోపాటు ఒక చిన్న టార్చ్ పెట్టుకుని నెలకోసారి నేల మీద పడుకుని లోపలి అంచు చూడండి, చొక్కా మాసినా పర్లేదు. కారు మళ్ళీ కొంటానా అంటే... నిన్న రాత్రి ఖాళీ రోడ్డు మీద ఒక మలుపు తీసుకున్నాక అడిగి ఉంటే కొంటాననేవాడిని. టైర్ల బిల్లు చూశాక అడిగితే నోరు విప్పను.

కొత్త టైర్లు వేసి ఈసారి నేను పక్కనే నిలబడి, వెనక టో రెండు వైపులా సమానంగా, క్యాంబర్ హద్దులో తక్కువ వాలు ఉండే చివరకి పెట్టించాను. మెకానిక్ విసుక్కున్నాడు, పట్టించుకోలేదు. 3 వేల కిలోమీటర్లయింది. కొత్తప్పుడు మూడు గాళ్ళలోనూ 7.6 ఉండేది, ఇప్పుడు మీ ముందే పెడుతున్నా. ఎడమది బయట 7.3... మధ్య 7.2... లోపల 7.1. కుడిది 7.3, 7.2... ఆగండి, సరిగ్గా ఆనలేదు, మళ్ళీ పెడతా. 6.8.

6.8? ఇంకోసారి. 6.8.

జాక్ తీసుకొస్తాను ఉండండి.