పాత కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ టీవీ ఎక్కించే ముందు

అందరికీ నమస్కారం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు చాలా ఇళ్లల్లో మూలన పడ్డాయి. అలాంటిదాన్ని టీవీకి తగిలించి ఆండ్రాయిడ్ టీవీ చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చేసుకోవచ్చు. కానీ దేనికోసం అన్నది ముందు తేల్చుకోండి.

ఆండ్రాయిడ్ మూల కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు. అది మామూలు కంప్యూటర్లలో ఉండే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీద నడిచేలా చేసింది 2009లో మొదలైన ఆండ్రాయిడ్-ఎక్స్86 ప్రాజెక్టు. దానికి టీవీ తరహా హోమ్ స్క్రీన్ జోడించి ఔత్సాహికులు తయారుచేసినవే ఈ అనధికారిక బిల్డులు, అంటే ఎక్కించుకోవడానికి సిద్ధం చేసిన ఆండ్రాయిడ్ రూపాలు. గూగుల్ వీటిని పరీక్షించలేదు, ఆమోదించలేదు. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

ఓటీటీ కంపెనీలు తమ వీడియోలకు వైడ్‌వైన్ అనే తాళం వేస్తాయి. అందులో ఎల్1 స్థాయి ఉండాలంటే ఆ పరికరం తయారీలోనే రక్షణ ఏర్పాటు ఉండాలి. మన బిల్డుకు దక్కేది సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చే ఎల్3. ఆండ్రాయిడ్‌లో ఎల్3 ఉంటే నెట్‌ఫ్లిక్స్ 480పీ (హెచ్‌డీ కన్నా తక్కువ నాణ్యత) దాటదు, అదీ ఆ యాప్ ఇన్‌స్టాల్ అయితే! గ్రాఫిక్స్ కార్డు ఎంత గొప్పదైనా లాభం లేదు. తమాషా ఏమిటంటే, అదే కంప్యూటర్‌లో విండోస్ ఉన్నప్పుడు బ్రౌజర్‌లో హెచ్‌డీ వచ్చేది. ఓటీటీ కోసమే అయితే ఈ తిప్పలు పడొద్దని నా సలహా.

యూట్యూబ్, హార్డ్‌డిస్కులో దాచుకున్న సినిమాలు, చిన్న చిన్న గేములు చాలంటారా? అయితే రండి. బిల్డు మొత్తం ఒకే ఫైలుగా దొరికే ఐఎస్‌ఓ ఫైలును రూఫస్ అనే విండోస్ ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే బయోస్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌లను మొదలుకానివ్వని రక్షణ) ఆపేసి, పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ మొదలుపెట్టండి. మెనూలో ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ముందు లైవ్ మోడ్‌లో, అంటే డిస్కులో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపండి. వైఫై పట్టుకుందా, టీవీలో సౌండ్ వస్తుందా, తెర అంచులు తెగిపోతున్నాయా అన్నీ అక్కడే తెలిసిపోతాయి. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌తో సాధారణంగా ఇబ్బంది ఉండదు, ఎన్విడియాతోనే తలనొప్పి. ఆటో ఇన్‌స్టాల్ నొక్కితే మాత్రం డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఫొటోలు ముందే వేరేచోటికి కాపీ చేసుకోండి.

టీవీ రిమోట్ పనిచేస్తుందని ఆశపడకండి. హెచ్‌డీఎంఐ తీగ గుండా రిమోట్ ఆదేశాలు మోసే సీఈసీ సదుపాయం మామూలు కంప్యూటర్లలో దాదాపుగా ఉండదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్‌లో ఉంటుంది. మిగతావాళ్లు ఎయిర్ మౌస్ (గాల్లో ఊపితే తెర మీద బాణం కదిలే రిమోట్) కొనుక్కోవడం మేలు.

ఇంకో మాట. ఆ బిల్డులో ఎవరు ఏం కలిపారో మనం చూడలేం. ఆండ్రాయిడ్ 9 లాంటి పాత వెర్షన్లకు గూగుల్ సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆగిపోయాయి. బ్యాంకు, ఆఫీసు పనులకు వాడే గూగుల్ ఖాతాతో అందులో లాగిన్ కావద్దు. దీనికోసం విడిగా ఒక ఖాతా తెరవండి.

సొంత సినిమాలు చూడ్డానికి మాత్రమే అయితే లిబ్రెఎలెక్ ఇంకా తేలిక. సినిమాలు, పాటలు ఆడించే కోడి ప్లేయర్ నడపడానికే తయారైన చిన్న లినక్స్ (విండోస్ లాంటి ఉచిత సిస్టమ్) అది. ముందు ఆండ్రాయిడ్ టీవీని లైవ్ మోడ్‌లో చూపిస్తాను, తర్వాత ఇదీ చూద్దాం.